తల ఊపని గొర్రెలకాపరి

శోణగిరి రాజధానిలోని ధర్మసభను చూసి నోరు తెరవని పరదేశి లేడు. నూట ఎనిమిది పాలరాతి మెట్లు, మెట్టుకొక పగడపు పువ్వు. పైన నలభై స్తంభాలు, స్తంభానికొక రాతి చిలుక, చిలుక కంటికొక పచ్చ. సూర్యుడు నడినెత్తికి వచ్చేవేళ ఆ పచ్చలన్నీ ఒక్కసారిగా మెరిస్తే, కోట దిగువ వీధుల్లో పోయేవాళ్ళు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. సభ నడుమ, సింహాసనానికి ఎదురుగా, నల్లరాతి సింహం ఒకటి ముందరి కాళ్ళు చాచుకుని కూర్చుని ఉంటుంది. వంశకర్త అయిన అగ్నివర్మ మహారాజు దానిని చెక్కించి, తన తపశ్శక్తితో ప్రాణం పోశాడు. గడప దాటి లోపలికి వచ్చినవాడు రాజు కానీ బంటు కానీ, ఒక్క అబద్ధమాడితే చాలు, సింహం లేచి మెడ కొరుకుతుంది.

అంత గొప్ప సభ అది. నలభై ఒక్క ఏళ్ళుగా అందులో ఒక్క తగవు కూడా విచారణకు రాలేదు.

రాజ్యంలో తగవులు లేవని కాదు. గట్ల దగ్గర తలలు పగులుతూనే ఉన్నాయి, బలమున్నవాడు లేనివాడి వాకిట్లో మేకులు కొడుతూనే ఉన్నాడు. అగ్నివర్మ తర్వాత వచ్చిన రాజులకు మాత్రం సింహమంటే వణుకు పట్టుకుంది. ఒకే ఏడాదిలో ఒక మంత్రి, ఒక సేనాపతి, రాజుగారి సొంత పినతండ్రి సభలో నోరు విప్పి మెడలు పోగొట్టుకున్నారు. సింహాన్ని పెకలించే ధైర్యం ఎవరికీ చాలలేదు. అందుకని తగవులే సభదాకా రాకుండా చూసుకుంటే పోతుందనుకుని, మెట్లకు ముందు ఏడు వాకిళ్ళు కట్టించి, వాకిలికొక సర్దుబాటు అధికారిని కూర్చోబెట్టారు.

ఆ వాకిళ్ళకు ఒక నియమం ఉంది. అధికారి అడిగిన మాటకు ఫిర్యాది ఒక్కసారి తల ఊపితే చాలు, రాజీ కుదిరినట్టే లెక్క. పక్కనున్న లేఖకుడు తాటాకు మీద గీకేస్తాడు, భటులు వీపు మీద ఆప్యాయంగా చెయ్యి వేసి బయటికి సాగనంపుతారు. "దాహమేస్తోందా తాతా?" అని అడిగితే తల ఊపి, చెంబెడు నీళ్ళు తాగి, ఊరికి వెళ్ళాకగాని పొలం పోయిందని తెలియని ముసలివాళ్ళు ఎందరో. ఏటా రాజుగారి పుట్టినరోజున మాత్రం నగారా మోగించి చాటింపు వేస్తారు: మా రాజ్యంలో అన్యాయమన్నది లేదు, ఉంటే సభకు వచ్చి ఉండేది కదా అని.

ఆ ఉదయం మొదటి వాకిలి ముందు నిలబడిన అయిలన్న మెడచుట్టూ నాలుగు వెదురు దబ్బలు కట్టి ఉన్నాయి. విరిగిన ఎముకకు కట్టే కట్టులాంటిదే. నిజానికి అతని మెడ నిక్షేపంగా ఉంది. పాతికేళ్ళ వయసు, కంబళ్ళ జాతి గొర్రెలకాపరి, ఎవరు పలకరించినా తల ఊపే అలవాటు పుట్టుకతో ఉంది. ఆ అలవాటును నమ్మలేక తల్లి బీరవ్వ స్వయంగా ఆ దబ్బలు కట్టి పంపింది.

"తల ఊపకు కొడుకా," అంది కట్టు బిగిస్తూ. "పానం పోతున్నా ఊపకు. మన మంద నీ మెడ మీద ఉన్నది."

బీరవ్వ ఆ జాతికి పెద్ద. ఎండాకాలం రాగానే కంబళ్ళవాళ్ళు మైదానం వదిలి పచ్చికొండలకు మందలు తోలుకుపోతారు. అందుకోసం అగ్నివర్మ నాడే మందదారి అని ఒక దారి వదిలాడు. ఈ ఏడు రాజుగారి బావమరిది జయధ్వజుడికి చందనవనం వేయాలని బుద్ధి పుట్టి, ఆ దారికి అడ్డంగా రెండు నిలువుల గోడ కట్టించాడు. నాలుగు వేల గొర్రెలు గోడకు ఇవతల ఎండుమట్టి నాకుతూ నిలిచిపోయాయి. రోజుకు అరవై చొప్పున పడిపోతున్నాయి. ఇంకొక్క నెల ఇలాగే గడిస్తే మంద సగానికి వస్తుంది, వానలనాటికి ఏమీ మిగలదు. మంద లేని కంబళ్ళవాళ్ళు కూలివాళ్ళయి చెదిరిపోవలసిందే.

మొదటి వాకిలి అధికారి లావుపాటి మనిషి, ముఖం నిండా దయ. అయిలన్నను చూడగానే పీట వేయించాడు.

"అయ్యో నాయనా, మెడకేమైంది? బాగా నొప్పిగా ఉందా?"

లేఖకుడు గంటం తాటాకుకు ఆనించి, అయిలన్న తలవైపే చూస్తున్నాడు.

"పొట్టేలు కుమ్మింది దొరా," అన్నాడు అయిలన్న. "ఆరు వారాలు కదపొద్దన్నరు. వంగదు, తిరగదు. ఏదున్నా నోటితోనే చెప్త. నాకు రాజీ వద్దు, సభకు పోవాలె."

"తొందరేముంది? ఎండన పడి వచ్చావు. మజ్జిగ తాగుతావా?"

"వద్దు."

"పోనీ, గోడకు ఒక కన్నం పెట్టిస్తాను, గొర్రె దూరేటంత. సరేనా?"

"నాలుగు వేల గొర్రెలు దొరా. కన్నంల దూరి ఎప్పటికి పోతయి? వద్దు."

మూడుసార్లు వద్దన్నవాడికి వాకిలి తెరవాలన్నది అగ్నివర్మ శాసనం. దానినింకా ఎవరూ కొట్టేయలేదు, ఎందుకంటే మూడుసార్లు వద్దనేదాకా నిలబడినవాడే లేడు. అధికారి ముఖంలో దయ కాస్తా ఆవిరైపోయింది. తలుపు కిర్రుమంది.

రెండో వాకిలి అధికారి బెదిరించాడు. సభలో విచారణ మొదలు కావడానికి మూడేళ్ళు, ముగియడానికి మరో తొమ్మిదేళ్ళు పడుతుందని, అప్పటికి గొర్రెల ఎముకలు కూడా దొరకవని చెప్పాడు. మూడో అధికారి ఏడ్చాడు. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, నీలాంటి కొడుకు నాకూ ఉన్నాడన్నాడు. నాలుగో అధికారి అయిలన్న భుజం మీద పట్టుశాలువా కప్పి, కంబళ్ళ జాతికి ఇకనుంచి నువ్వే పెద్దవు, ముసలిదాని మాట ఎవడు వింటాడని చెవిలో ఊదాడు. అయిలన్న శాలువా తీసి అతని ఒళ్ళోనే పెట్టాడు. మెడ రాసుకుపోయి దబ్బల కింద నెత్తురు చెమ్మ తగులుతోంది.

అయిదో వాకిలి నుంచి మాయలు మొదలయ్యాయి. అవన్నీ సామకేతుడివి. సామకేతుడు రాజుగారి సర్దుబాటు మంత్రి, పన్నెండేళ్ళు పాతాళ గుహల్లో మంత్రవిద్య సాధించి వచ్చినవాడు. కత్తి పట్టడు, గొంతు పెంచడు. నవ్వుతూ పలకరిస్తాడు.

అయిలన్న తలుపు తోసి అడుగు వేయగానే కాలికింద నేల కరిగి నల్లని మడుగైంది. మునిగి తేలేసరికి పది బారల దూరంలో నీళ్ళు రెండుగా చీలుతున్నాయి. మొసలి. గట్టు మీద అధికారి తాపీగా తాడు చుట్ట పట్టుకుని నిలబడ్డాడు.

"రాజీకి ఒప్పుకుంటే తాడు విసురుతాను. ఒప్పుకున్నట్టేనా?"

జవాబు చెప్పే తీరిక అయిలన్నకు లేదు. మొసలి నోరు తెరిచిన క్షణంలో చేతికర్రను నిలువుగా దాని దవడల మధ్య ఇరికించాడు. మొసలి తోక విదిలించి కొట్టిన దెబ్బకు మెడ కట్టు ఫెళ్ళున విరిగి, వెదురు ముక్కలు నీళ్ళలో చెల్లాచెదురయ్యాయి. అతడు మొసలి వీపు మీద కాలు మోపి ఎగిరి గట్టు అంచు పట్టుకున్నాడు. అధికారి ఆ వేళ్ళను చెప్పుకాలితో తొక్కాడు. అయిలన్న ఆ కాలే పట్టుకుని పైకి పాకాడు. పైకి వచ్చాక మూడుసార్లు వద్దన్నాడు. మూడోసారి అనేసరికి అధికారి మడుగులో ఉన్నాడు, తాడు అయిలన్న చేతిలో ఉంది. తాడు అతనికి విసిరి ఆరో వాకిలి తట్టాడు.

ఆరో వాకిలి వెనక పచ్చికొండలు కనిపించాయి. మోకాలెత్తు గడ్డి, దాని మీద మంచు, కొండ వాలంతా పరుచుకుని మేస్తున్న నాలుగు వేల గొర్రెలు. మెడగంటలు గలగలమంటున్నాయి. గోడ జాడ లేదు. ఒక ముసలి కాపరి చుట్ట కాల్చుకుంటూ దగ్గరికి వచ్చి, ఎన్నాళ్ళ నుంచో ఎరిగినవాడిలా నవ్వాడు.

"మంద సల్లగున్నది గద బిడ్డా?"

అయిలన్న కళ్ళు చెమర్చాయి. మెడకు ఇప్పుడు దబ్బలు లేవు. గడ్డం దానంతటదే కిందికి వంగబోతుండగా చూపు నేలమీద పడింది. గడ్డి శుభ్రంగా ఉంది. ఇంత మంద మేస్తున్న చోట ఒక్క పెంటిక లేదు.

అతడు రెండు చేతులతో తన గడ్డాన్ని పట్టుకుని ఆపుకున్నాడు. "వద్దు," అన్నాడు. ముసలివాడు నవ్వుతూనే ఉన్నాడు. "వద్దు. వద్దు." గడ్డి, గొర్రెలు, కొండలు గాలికి లేచిన దుమ్ములా పోయి, ఎదురుగా ఉత్త గోడ మిగిలింది. ఆ పచ్చదనం మాయ అని తెలిసినా, పోయినందుకు అయిలన్నకు ఏడుపొచ్చింది.

ఏడో వాకిలి దగ్గర ఎవరూ లేరు. పీట ఖాళీగా ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది. అది సామకేతుడు స్వయంగా కూర్చునే చోటు. తనకు భయపడి పారిపోయాడనుకున్నాడు అయిలన్న. ఆ సంతోషంలో నూట ఎనిమిది మెట్లూ ఒక్క పరుగున ఎక్కేశాడు. ఆ ఖాళీ పీటను చూసి భయపడాలని అతనికి తోచలేదు.

సభలోకి అడుగు పెట్టగానే పైకప్పున వేలాడే కంచుగంట దానంతటదే మోగింది. నలభై ఒక్క ఏళ్ళ దుమ్ము గంట మీద నుంచి రాలింది. అంతఃపురంలో చదరంగం ఆడుతున్న రత్నవర్మ మహారాజు కిరీటం వంకరగా పెట్టుకుని పరుగున వచ్చాడు. వెనకాల జయధ్వజుడు, ఆ వెనక కొలువంతా. గడప దాటే ముందు అందరూ నోట్లో నాలుగేసి తాంబూలాలు కుక్కుకున్నారు, మాట్లాడవలసిన అవసరం రాకుండా.

నల్లరాతి సింహం కళ్ళు తెరిచింది. తిరగలి తిప్పినట్టున్న గొంతుతో అడిగింది.

"ఎవరు నువ్వు? ఏమిటి నీ తగవు?"

అయిలన్న చెప్పాడు. దారి సంగతి, గోడ సంగతి, రోజుకు అరవై గొర్రెల సంగతి. ఎక్కడా మాట తడబడలేదు. సింహం తల తిప్పి జయధ్వజుడిని చూసింది.

"అగ్నివర్మ వదిలిన దారికి అడ్డంగా గోడ కట్టావా?"

జయధ్వజుడు తాంబూలం నమలడం ఆపాడు. ఎర్రటి ఉమ్మి గడ్డం మీదుగా కారుతోంది. కట్టలేదంటే మెడ పోతుంది, కట్టానంటే గోడ పోతుంది. ఒక్క ఊపిరి సేపు, శోణగిరిలో న్యాయం జరిగేలాగే కనిపించింది.

అప్పుడు గడప దగ్గర మెత్తని అడుగుల చప్పుడైంది. సామకేతుడు లోపలికి వచ్చాడు. ఒంటిమీద నగ లేదు, కాళ్ళకు పాదుకలు లేవు. అతని చెయ్యి పట్టుకుని, అతని మాయతో గాలిలో వచ్చిన పల్లకి దిగిన కళ్ళుతిరుగుడు ఇంకా తీరక, బీరవ్వ వచ్చింది. ఆమె భుజం మీద జాతి గొంగడి మడత పెట్టి ఉంది.

"ధర్మమూర్తీ, శ్రమ తప్పింది," అన్నాడు సామకేతుడు సింహానికి చేతులు జోడించి. "ఈ తగవు ఈ ఉదయమే తీరిపోయింది. కంబళ్ళ జాతి పెద్ద స్వయంగా వచ్చారు. వారినే అడగండి."

అయిలన్న తల్లి వైపు చూశాడు. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"తీరింది కొడుకా," అంది బీరవ్వ. "ఈ అయ్య పొద్దుగాల్నే మన గుడారాల కాడికి వచ్చిండు. చెప్పులు ఇడిసిండు, మెడల సరం తీసి చెట్టుకు తగిలించిండు. గొంగడి పరవమన్నడు. మనతోని సమానంగ గొంగడి మీద కూసున్నడు. అమాసలోపల గోడ కూలగొట్టిస్తనని మాటిచ్చిండు. మేము తగవు ఇడిసిపెట్టినం."

కంబళ్ళవాళ్ళకు సభ లేదు, సింహం లేదు. ఏ తగవు వచ్చినా నల్ల గొంగడి పరిచి రెండు పక్షాలూ దాని మీద కూర్చుంటాయి. గొంగడి మీద కూర్చున్నవాడు అబద్ధమాడడు. ఆడితే ఏమవుతుందని ఎవరైనా అడిగితే వాళ్ళకు ప్రశ్నే అర్థం కాదు. మూడు వందల ఏళ్ళలో ఒక్కడూ ఆడలేదు కాబట్టి, ఆ మహిమ గొంగడిలో ఉందనే వాళ్ళ నమ్మకం. కూర్చున్నవాళ్ళ సిగ్గే దానికి కాపలా కాసిందని, సిగ్గు లేనివాడొకడు వచ్చి కూర్చుంటే అది ఉత్త ఉన్నిగుడ్డేనని ఎవరికీ తట్టలేదు.

"నేను మొసలి నోట్లకెల్లి వచ్చిన, అవ్వా," అన్నాడు అయిలన్న. "మధ్యాహ్నం దాకన్న ఆగలేకపోయిన్రా?"

"పొద్దటి నుంచే పదకొండు పిల్లలు పడిపోయినయి," అంది బీరవ్వ. "ఆ అయ్య గొంగడి మీద కూసున్నడు కొడుకా. ఇంకేం కావాలె?"

అయిలన్న సింహం వైపు తిరిగాడు. "ఈ మంత్రిని అడుగు. ఈ సభల అడుగు. ఆ మాట నిలబెట్టుకుంటడా?"

కొలువంతా మంత్రి వైపు తిరిగింది. జయధ్వజుడు స్తంభం చాటుకు జరిగాడు. సామకేతుడు మాత్రం ఏమీ తొట్రుపడలేదు. సింహం అడిగేదాకా కూడా ఆగలేదు.

"నిలబెట్టుకోను," అన్నాడు ప్రశాంతంగా. "గోడ కూలదు. గొంగడి మీద కూర్చుని అబద్ధమాడాను. ఆడేటప్పుడే అబద్ధమని నాకు తెలుసు."

బీరవ్వ చేతిలోని కర్ర నేలమీద పడింది. అయిలన్న సింహాన్నే చూస్తున్నాడు. అది జూలైనా విదల్చలేదు.

"ఇన్నవు గద," అన్నాడు అయిలన్న. "మరి లేవవేం?"

"నా ఎదుట అతను నిజమే చెప్పాడు," అంది సింహం.

"ఆడ గొంగడి మీద మోసం చేసిండు."

"అది గడపకు బయట. గడప బయటి అబద్ధం మీద నాకు అధికారం లేదు. ఇష్టపడి కుదుర్చుకున్న రాజీని గడప లోపల విప్పరాదని అగ్నివర్మ శాసనం. మీవాళ్ళు ఒప్పుకున్నారు. ఇక్కడ తగవు లేదు."

స్తంభాల మీద చిలుకల కళ్ళు ఒక్కసారిగా మెరిశాయి. మధ్యాహ్నమైంది. రాజుగారు తాంబూలం ఉమ్మి, హాయిగా ఊపిరి పీల్చుకుని, నెత్తిన కిరీటం సరిచేసుకున్నాడు. నిజాన్ని సభలో బట్టబయలు చేస్తే చాలు, మిగతాది ధర్మమే చూసుకుంటుందని ఆరు వాకిళ్ళ పొడుగునా అనుకుంటూ వచ్చాడు అయిలన్న. నిజం బట్టబయలైంది. దానివల్ల ఒక్క గొర్రెకు ఒక్క గడ్డిపరక దొరకలేదు. వెయ్యి మొసళ్ళు మీద పడ్డా అతనికి అంత కడుపుమంట కలిగేది కాదు.

"నువ్వెందుకు మరి ఈడ?" అని అడిగాడు సింహాన్ని. "ఎవడు కొలవాలె నిన్ను?"

సింహం అతని వైపు చూసింది. దాని రాతి కళ్ళలో నీళ్ళలాంటిదేదో మెరిసిందని తర్వాత కొందరు చెప్పుకున్నారు గాని, రాయి రాయే.

"ఒక్క వెసులుబాటు ఉంది," అంది సింహం. "మందదారి మీ ఒక్క జాతి సొత్తు కాదు. గొర్రెను తోలుకు నడిచే ఎవడికైనా దాని మీద హక్కుంది. మీ జాతి చేసుకున్న రాజీ మీ జాతివాళ్ళను కట్టేస్తుంది. ఆ జాతికి చెందనివాడు ఇదే తగవును తన పేర వేస్తే, నేను విచారించి తీరాలి. విచారిస్తే ఆ గోడ సాయంత్రానికి నిలవదు."

సామకేతుడి నవ్వు మొదటిసారి సన్నబడింది. సభలో గొర్రెలకాపరి అన్నవాడు ఒక్కడే ఉన్నాడు.

అయిలన్నకు అర్థమైంది. బీరవ్వకు అంతకంటే ముందే అర్థమైంది. ఆమె ఒక్క అంగలో వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"అనకు కొడుకా. అబద్ధమైతది. అది మీద పడ్తది. గొర్రెలు పోతే పోయినయి. నువ్వు నా కడుపున పుట్టినోడివి, నా గొంగడి మీద పెరిగినోడివి. ఎట్ల తిప్పి చెప్పినా అది అబద్ధమే అయితది."

అయిలన్న ఆ చేతిని చూశాడు. పొద్దున అదే చెయ్యి తన మెడకు కట్టు బిగించి, పానం పోయినా ఒప్పుకోకు అంది. పొద్దెక్కకముందే అదే చెయ్యి, మెత్తగా మాట్లాడినవాడి చేతిలో చెయ్యి వేసి ఒప్పుకుంది. తన నెత్తురు ఇంకా ఆరలేదు. జాతిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, పోయినవాణ్ణి రానియ్యండని అనలేదు. అతడు చెయ్యి విడిపించుకున్నాడు.

"నేను వీళ్ళవాణ్ణి కాను," అన్నాడు సింహంతో.

అని, కళ్ళు మూసుకున్నాడు. రాతి గోళ్ళ చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. సింహం దూకాలని, దూకి తన మెడ కొరకాలని, ఆ మాట అబద్ధమని నిండు సభలో తేలిపోవాలని అతనికి అనిపించింది.

చప్పుడేమీ రాలేదు. కళ్ళు తెరిస్తే సింహం కూర్చున్నచోటే ఉంది.

బీరవ్వ ముఖం పాలిపోయింది. ఆమె సింహాన్ని చూసింది, కొడుకును చూసింది, మళ్ళీ సింహాన్ని చూసింది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. వంగి కర్ర తీసుకుని, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

"తగవు దాఖలైంది," అంది సింహం.

"ఆగాలి ధర్మమూర్తీ." సామకేతుడు గబగబా ముందుకు వచ్చాడు. అతని గొంతులో మెత్తదనం అంతా పోయింది. "బంధం ఒక్కడు తెంపుకుంటే తెగదు. రెండో కొస ఆ తల్లి చేతిలో ఉంది. ఆమె కూడా నోటితో కాదంటేనే అతను బయటివాడు. ఆమె నావాడంటే అతనూ రాజీకి కట్టుబడినవాడే. శాసనంలో ఉంది. ఆమెను అడగండి."

"ఉంది," అని ఒప్పుకుంది సింహం, బరువుగా. రాతి తల బీరవ్వ వైపు తిరిగింది. "అమ్మా, గడప లోపల ఉన్నావు. ఆలోచించి చెప్పు. ఇతను నీ వాడేనా?"

సామకేతుడు చేతులు కట్టుకున్నాడు. అవునంటే తగవు కొట్టుకుపోతుంది, గోడ నిలుస్తుంది, మంద చస్తుంది. కాదంటే తగవు నిలుస్తుంది గాని, ఆ అబద్ధానికి ఆమె మెడ పోతుంది. కన్నతల్లి అవునని కాక మరొకటి ఎలా అంటుంది? ఇన్నేళ్ళలో అతను లెక్కవేసి తప్పింది లేదు.

బీరవ్వ భుజం మీది గొంగడి తీసి, మడత చెదరకుండా నేలమీద పెట్టింది. దాని మీద కూర్చోలేదు. సింహానికి ఎదురుగా నిటారుగా నిలబడి, కొడుకు వైపు ఒక్కసారి కూడా చూడకుండా, నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది.

"కాదు."

"అవ్వా," అని అయిలన్న అరిచేలోపు నల్లరాతి సింహం లేచి నిలబడింది.